ఏకకాలంలో ఎంతమంది?

బెంగుళూరు నుంచి వచ్చిన పట్టికలో
పదకొండో గడి ఖాళీగా ఉంది.
ఏకకాలంలో ఎంతమంది?
అని అడుగుతుంది అది.
మిగతావన్నీ నింపేశాను:
సబ్‌స్టేషన్లు, సెక్షన్ ఆఫీసులు, లైన్‌మెన్ల ఫోన్లు,
మూడేళ్లకు పెరగబోయే డేటా,
రాత్రి రెండింటికి తీసే బ్యాకప్.
ఈ ఒక్క గడిలో
కర్సర్ రెప్పలు కొట్టుకుంటూ కూర్చుంది.

"సగటు వేసెయ్యండి మేడం,
రోజుకు నాలుగు వేల ఫిర్యాదులు,
ఇరవై నాలుగుతో భాగిస్తే..." ఫోన్లో ప్రసన్న.
సగటు చాలా మంచిది. ఎవరినీ నొప్పించదు.
సగటున తిరుపతిలో
గాలి ఎప్పుడూ మెల్లగానే వీస్తుంది.

చెంగల్రాయులు గారి గది మెట్ల కింద.
ముప్పై ఒక్క ఏళ్లు ఫిర్యాదులు రాసిన చెయ్యి,
చిటికెన వేలి పక్కన ఇంకా నీలం.
వచ్చే నెల ఆయన రిటైర్మెంటు,
ఆపై నెల నా సాఫ్ట్‌వేరు.
ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"ఒకేసారి ఎంతమందా?" నవ్వినాడాయన.
"నాకుండేది రెండు చెవులు కదమ్మా, రెండు ఫోన్లు.
మూడోవాడు ఎప్పుడూ లెక్కలోకి రాడు.
ఎంగేజ్ టోను విని పెట్టేసినోళ్లను
యాడ రాసేది నేను?"

బీరువా అడుగు నుంచి లాంగు బుక్కు తీశాడు.
అట్ట మీద పురుగు కొట్టిన మే నెల.
మామిడికాయ కోతకు ముందే వచ్చిపడే గాలి,
ఆ రాత్రి పేజీలు.
ఏడున్నరకు అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి:
పాకాల, స్తంభం ఒరిగింది.
ఎనిమిదికి వాలాయి:
నగరి, మగ్గాలు ఆగినాయి.
తొమ్మిదికి ఊళ్ల పేర్లు సగమే,
బంగా. పూత. ఐరా.
పదికి పెన్ను అయిపోయి పెన్సిలు.
పదిన్నరకు పేర్లే లేవు, వట్టి గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
పేజీ అంతా కంచె నాటినట్టు.
పదకొండూ పదికి, అట్టడుగున,
నిదానంగా, గుండ్రంగా:
ఇక్కడ కూడా కరెంటు పోయింది.

"ఇది ఎవరికి చెప్పినారు?"
"ఎవరికి చెప్తా? చెప్పించుకునేవాణ్ణి నేనే కదా.
రాసుకున్నా. రాస్తే కొంచెం నిమ్మళం."

ఆ కంచె కర్రలు రెండుసార్లు లెక్కపెట్టాను.
గంటకు నూట నలభై, రెండు చెవులకు.
అందని మూడోవాణ్ణి, వాడి వెనకవాణ్ణి,
ఫోను లేక పక్కింటి గోడ మీంచి అరిచిన మనిషిని
ఎంతతో గుణించాలో ఏ మాన్యువల్లోనూ లేదు.
ఇప్పుడు ఆ గోడకు అటూ ఇటూ ఫోన్లే.

సాయంత్రం బోర్డు తుడిచి మళ్లీ గీశాను.
నాలుగు అనుకున్న నోడ్లు పది.
డేటాబేసు ఇక్కడొకటి, దాని జంట చిత్తూరులో,
ఇది పలికే ప్రతి మాటా వింటూ
తానొక్క మాటా పలకకుండా
ఇది మూగబోయే క్షణం దాకా కాచుక్కూచునేది.
ముందు గుమ్మంలో ఒక వరస,
ఎంత రద్దీలోనూ ఎవరికీ
ఎంగేజ్ టోను వినబడకుండా.
రెండు వేర్వేరు ఫీడర్లు. బ్యాటరీలు. డీజిలు.
కరెంటు ఆఫీసుకు కరెంటు పోతుందని రాసినప్పుడు
మీటింగులో ఒకరిద్దరు నవ్వారు.

"నాలుగు గంటల గాలి కోసం
ఏడాదంతా ఆరు యంత్రాలు ఉత్తినే తిరగాలా?"
అకౌంట్సు దొరస్వామి గారు.
జవాబు చెప్పలేదు, లాంగు బుక్కు ముందుకు జరిపాను.
పేజీలు తిప్పుతూ పూత దగ్గర ఆగాడు.
వాళ్లది పూతలపట్టు.
ఆరు నాలుగైంది. అంతే.

పదకొండో గడి నిండింది.
అంకె చెప్పను, టెండరు ఇంకా తెరవలేదు.

బుక్కు తిరిగిచ్చేద్దామని మెట్లు దిగితే
ఆయన రెండు చెవులకూ రెండు ఫోన్లు.
కళ్లతోనే ఆగమన్నాడు.
బయట ఎక్కడో రేకు కప్పు టపటపలాడుతోంది.
గుమ్మంలో నిలబడ్డాను,
మూడోదాన్ని.